ఆది చెయ్యి

పొద్దున్నే నాకంటే ముందు నా కుడిచేతి బొటనవేలు మేలుకునేది. నేనింకా నిద్రలో ఉండగానే అది కణతలా కొట్టుకుంటూ ఉండేది. తరువాత నడిమివేలు. దాని పక్కన చర్మం చీలి, మాని, మళ్ళీ చీలి, చింతగింజ పెంకులా గట్టిపడింది. అన్నం కలుపుకుంటే మండేది. ఎడమచేత్తో తింటానంటే అమ్మ ఒప్పుకోదు.

ఈ నొప్పి మా అన్న జంగారెడ్డి ఇంటికి తెచ్చిన ఆట వల్ల వచ్చింది. పట్నంలో చదువుకునే రోజుల్లో సికింద్రాబాదు లష్కర్‌లోని ఒక క్లబ్బులో దాన్ని చూశాడు. పొడవాటి చెక్కల బాట మీద బరువైన గుండు దొర్లించి, ఆ చివర నిలబెట్టిన పది కట్టె సీసాలను పడగొట్టాలి. చదువు మానుకుని ఇబ్రహీంపట్నం వచ్చేశాక గడ్డి కొట్టం ఖాళీ చేయించి టేకు పలకలు పరిపించాడు. సీసాలను ఖాసీం తన ఖరాదు మీద తీశాడు. మంచం కోళ్ళు, బొంగరాలు తీసే ఖరాదు అది. గుండు మాత్రం బొంబాయి నుంచి వచ్చింది. అక్కడి దుకాణంలో అన్న చెయ్యి పట్టి చూసి, ఆ చేతికి సరిపోయేటట్టు బొటనవేలికొకటి, నడిమివేలికొకటి బొక్కలు తొలిచారట.

అన్న పోయి రెండేళ్ళు. పోయింది నిజాం లెక్కలో పదమూడు వందల యాభై ఒకటో ఫసలీ, తొలకరి రోజుల్లో. తొమ్మిది రోజుల జ్వరం. మా అమ్మ ఇంద్రమ్మకు అప్పటికే రెండు కళ్ళకూ పొరలు కమ్ముతున్నాయి. కర్మలు అయిన నాలుగో రోజు సాయంత్రం ఏమీ తోచక కొట్టంలోకి వెళ్ళి గుండు ఎత్తాను. అది నా వేళ్ళలో నిలవక దబ్బున పలకల మీద పడి, దొర్లుకుంటూ పోయి, సీసాలను కూల్చింది. ఇంట్లోకి వచ్చేసరికి అమ్మ లేచి కూర్చుని ఉంది. రోజుల తరబడి ముట్టని జొన్న గటక గిన్నె ఆమె ముందు ఖాళీగా ఉంది.

"మల్ల ఎయ్యవా?" అంది.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం వేస్తున్నాను. అమ్మ తన మంచం కొట్టం వైపు కిటికీ కింద వేయించుకుంది. మా అన్నది మొరటు చెయ్యి. గుండును ఎత్తునుంచి దబ్బుమని దింపేవాడు. నా చేతిలోంచి అది నొప్పికి జారి అట్లాగే పడేది. వినేవాళ్ళకు తేడా తెలియదు. నా నొప్పి ఆయన బలంలాగా వినిపించేది. ఆ చప్పుడు అయ్యాకే అమ్మ కడుపునిండా తినేది; లేని రోజు నాలుగు మెతుకులు కొరికి వదిలేసేది. ఈ విషయం మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

పగిలిన సీసా మార్చడానికి వచ్చిన ఖాసీం ఒకరోజు నా చెయ్యి చూశాడు.

"ఇది చెయ్యా పటేలా, పండిన దోసకాయా?"

"హకీం నూనె ఇచ్చిండు. రాస్తున్న."

"చెప్పు కరిస్తే కాలికి నూనె రాస్తె చెప్పు పెద్దగైతదా?" గుండు ఒళ్ళో పెట్టుకుని బొక్కలో తన వేలు తిప్పి చూశాడు. "నొప్పి నీ చేతిది కాదు, గుండుది. బొక్క నీకు వదులు. వదులున్నదని పిసుకుతవ్. పిసికితే వాస్తది. గీ రెండిటి నడుమ ఎంత ఎడమున్నదో సూడు, నీ చెయ్యి గుంజుకపోతున్నది. పాత బొక్కలల్ల కట్టె బిగిచ్చి సరేసు జిగురు పోస్త. ఆరినంక నీ చేతికి కొత్తయి తొలుస్త. అంచులు గుండ్రం జేస్త. గంతే. ఏదీ, చెయ్యి ఇటు వెట్టు, కొలత తీస్త."

మొలలోంచి దారం తీశాడు.

"కొలత ఎవలకు?" కిటికీలోంచి అమ్మ గొంతు. "ఎవలకు కొలత? దారం తీసినవా ఖాసీం? తియ్యకు!"

ఖాసీంకు అర్థం కాలేదు. నాకు అయింది. అన్నను నేల మీద పడుకోబెట్టినప్పుడు పాడె కోసం వడ్లంగి భిక్షం తల నుంచి కాలి దాకా దారంతో కొలిచాడు. అమ్మ సగం చూపుతో చూసిన చివరి సంగతి అదే కావచ్చు. ఆ తరువాత మా ఇంట్లో బతికున్న మనిషి ఒంటి మీద దారం పెట్టనివ్వలేదు. దర్జీకి సైతం ఆది అంగీ ఇచ్చి పంపేది. దాన్ని చూసి అదే కొలతకు కుట్టాలి. ఆ ఆది అంగీ మా అన్నది. అందుకే నా చేతులు రెండేళ్ళుగా చొక్కాల్లో గోళ్ళ దాకా మునిగి ఉన్నాయి. చెప్పులూ అంతే. అంతవరకు నేను దాన్ని నష్టంగా అనుకోలేదు. ఇంట్లో ఎవరో ఒకరు ఆ బట్టల్లో తిరగాలి కదా అనుకునేవాణ్ణి.

"అయితె ఆది ఇయ్యుర్రి అమ్మా," అన్నాడు ఖాసీం.

"చేతికి ఆది యాడుంటది?" అని నేను నవ్వాను.

"ఉంటది," అంది అమ్మ. "నేనిస్త."

మరునాడు మంచాల ఊళ్ళో మా ఆముదపు చేను చూడడానికి వెళ్ళాల్సి వచ్చింది. మూడు రోజులు అక్కడే. ఎర్రనేలలో గట్టు మీద కూర్చుని నా చెయ్యిని చూసుకుంటూ గడిపాను. నేను ఆలోచించింది నొప్పి గురించి కాదు. ఈ ఇంట్లో ఒక్క వస్తువు నా కొలతకు తయారవుతోంది. అది కుదిరితే మిగిలినవి కూడా ఒక్కొక్కటే కుదురుతాయేమో. ఇంత చిన్న ఆశకు గుండె ఎందుకంత గట్టిగా కొట్టుకుంటోందో నాకే సిగ్గనిపించింది.

తిరిగి వచ్చేసరికి గుండు కొట్టంలో గోనెపట్టా మీద ఉంది. పాత బొక్కల చోట లేతరంగు కట్టె బిరడాలు, వాటిలో కొత్త బొక్కలు, వేలికి తగలనంత నున్నటి అంచులు. వేళ్ళు పెట్టాను. నాకంటే ముందు వేళ్ళకే తెలిసింది. అదే వదులు. అదే సాగుడు. అరచేయి చివరిదాకా పాత నొప్పి తన చోటు వెతుక్కుంటూ వచ్చి కూర్చుంది.

ఖాసీం దుకాణానికి వెళ్ళాను.

"అమ్మ ఇచ్చిన ఆదికి నూలుపోగంత ఫరక్ లేదు పటేలా. పుల్లతోని కొలిచిన, దారం గూడ ముట్టలె."

"ఏం ఆది?"

"గోడ మీది చెయ్యి. నీదన్నది. జర పెద్దగున్నదని నాకు అనుమానమొచ్చింది గని, తల్లి అన్నంక నేనేమంట?"

మా ఇంట్లో కొత్తగా పెళ్ళైన జంట గడప దాటాక పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్ళలో చేతులు ముంచి నడిమింటి తలుపు పక్కన గోడకు అద్దుతారు. సున్నం వేసినప్పుడు కూడా ఆ చేతుల చుట్టూ వదిలేసి వేస్తారు. చివరి జంట అన్న, వదిన. పెద్ద చెయ్యి, దాని పక్కన చిన్నది. పెద్దదాని మీద నా చెయ్యి పెట్టాను. ప్రతి వేలి పైనా ఒక కణుపు మేర ఎరుపు మిగిలింది. పెళ్ళి కానివాడికి గోడ మీద చెయ్యి ఉండదు. ఇంత పెద్ద ఇంట్లో నా ఆది ఎక్కడా లేదు.

వెనక వదిన భూలక్ష్మి నిలబడి ఉంది. ఇరవై మూడేళ్ళుంటాయి. ఇంట్లో ఆమె నడిచిన చప్పుడు ఎవరికీ వినిపించదు.

"అమ్మకు కండ్లు అవుపడక పొరపాటు వడ్డది వదినా," అన్నాను.

"తడిమి సూసే చెప్పింది మరిదీ. ఒక్కొక్క వేలు తడిమింది. నేనీడనే ఉన్న."

"మరి నువ్వన్న చెప్పకపోతివి?"

ఆమె గోడ మీది చిన్న చేతి వైపు చూసింది. "సాయంత్రం గా చప్పుడు నేను గూడ ఇంట," అంది. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తరువాత రెండు రోజులు గుండు ముట్టలేదు. అమ్మ సరిగా తినలేదు. మూడోరోజు పొద్దున ఖాసీం దుకాణానికి పోయి చెయ్యి చాపాను.

"దారం తియ్యి."

"అమ్మకు తెలిస్తే?"

"నేను సచ్చిన్నా ఖాసీం, బతికున్ననా?"

"సచ్చినోని చెయ్యి గింత వాయది పటేలా. నాకెర్కే," అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. నవ్వు రాలేదు.

బొటనవేలి చుట్టూ దారం చల్లగా తగిలింది. వాపు మీద బిగించకుండా, వాపు పోయాక వేలు ఎంత ఉంటుందో అంచనా వేసి పట్టుకున్నాడు. రెండేళ్ళలో నా ఒంటిని ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు. కళ్ళు తుడుచుకోవడానికి ఎడమచెయ్యే ఖాళీగా ఉంది.

నాలుగు రోజుల తరువాత గుండు తిరిగొచ్చింది. ఆ సాయంత్రం కొట్టంలోకి వెళ్ళాను. వేళ్ళు లోపలికి పోయి నిలిచాయి. పిసకాల్సిన అవసరం లేదు. గుండే నన్ను పట్టుకున్నట్టుంది. చెయ్యి వెనక్కి ఊపి ముందుకు తెచ్చాను. మొదట బొటనవేలు, తరువాత నడిమివేలు, రెండూ నొప్పి లేకుండా బయటికొచ్చాయి. గుండు పలకలను తాకిన చప్పుడు కూడా కాలేదు. సన్నటి దొర్లుడు, ఆ తరువాత ఏడు సీసాలు పడ్డాయి. ఇదివరకు నాకెప్పుడూ అన్నేసి పడలేదు. సంతోషం వచ్చింది, వచ్చినంతసేపు కూడా నిలవలేదు. ఆ కొట్టంలో ఏ శబ్దం లేదో అప్పుడు నాకు వినిపించింది.

ఇంట్లోకి వెళ్ళాను. గటక గిన్నె నిండుగా ఉంది.

"ఇయ్యాల ఎవలాడిన్రు?" అంది అమ్మ.

"నేనే అమ్మా."

"గుండు దించిన చప్పుడు కాలె. సీసాలు వాటంతటవే పడ్డయి."

"దించిన. నేనే. బాల్‌రెడ్డిని."

ఆమె చెయ్యి గాలిలో తడుముకుంటూ వచ్చి నా చెయ్యిని పట్టుకుంది. బొటనవేలి మొదలు తడిమింది, నడిమివేలు కణుపు కణుపు తడిమింది. గోడను కూడా ఇట్లాగే తడిమి ఉంటుంది.

"సన్నగున్నది," అంది. నెమ్మదిగా వదిలేసింది. "కిటికీ పెట్టు బిడ్డా. గాలి గొడ్తున్నది."

గాలి లేదు. కిటికీ మూశాను. వంటింటి గుమ్మంలో వదిన ఒక క్షణం నిలబడి లోపలికి వెళ్ళింది.

వారానికి వాపు పూర్తిగా తగ్గింది. పొద్దున్నే బొటనవేలు నన్ను లేపడం మానేసింది. ఇప్పుడు మేలుకున్నాక చాలాసేపు అలాగే పడుకుని, పక్క గదిలో అమ్మ దగ్గు కోసం చెవి ఒగ్గుతాను. ఆమె తిండి సగానికి పడిపోయింది. ఆ సగం కూడా అడగ్గా అడగ్గా తింటుంది. కిటికీ తెరవమని మళ్ళీ అడగలేదు.

మొన్న ఖాసీం దుకాణం ముందు ఆగాను. గోడ మీది చెయ్యిని కొలిచిన పుల్లలు ఇంకా చూరులో దోపి ఉన్నాయి.

"పారెయ్యనా పటేలా?" అన్నాడు.

"ఉండనియ్." కొంచెం సేపు ఖరాదు తిరగడం చూశాను. "మల్ల పూడ్చి, మల్ల తొలువొస్తదా?"

అతను పని ఆపి నా చేతి వైపు చూశాడు.

"గుండు ఓర్సుకుంటది," అన్నాడు. "చెయ్యి సంగతి నాకెర్క లేదు."

రేపు చెప్తానని కదిలాను. దారి పొడుగునా బొటనవేలిని రుద్దుకుంటూనే ఉన్నాను. నొప్పి లేదు. వేలు మాత్రం దేనికోసమో ఎదురుచూస్తున్నట్టే ఉంది.