ముళ్లు లేపిన పెంకులు

పొద్దున తొమ్మిదయ్యేసరికి ఆమె ల్యాబులో ఉండేది. చెరువు అడుగు నుంచి గొట్టంతో తీసిన బురదని బిళ్లలుగా కోసి, జల్లించి, మిగిలిన నీటిపురుగుల పెంకుల్ని మైక్రోస్కోపు కింద లెక్కపెట్టడం ఆమె పని. చేపలు ఎక్కువున్న ఏళ్లలో పురుగులు భయంతో ముళ్లు పెంచుకునేవి. ఆ ముళ్లని బట్టి ఏ ఏడు చెరువు ఎలా ఉందో చెప్పేయొచ్చు.

వందేళ్ల కిందట చచ్చినా వాటికి భయం మాత్రం చావలేదు. ఆమె మొగుడు గదిలో అడుగుపెడితే చాలు, పళ్లెంలోని పెంకులన్నీ ముళ్లు లేపి అతనివైపు తిరిగేవి. అతను అక్కడే పడవ నడిపి, గొట్టాలు దించే మనిషి. ముళ్లు లేస్తే ఎవరూ తలెత్తి చూసేవాళ్లు కాదు. ల్యాబు పెద్దసారుకి మాత్రం ఒళ్లు మండేది.

"ఏమ్మా, మీ ఆయన్ని బయటే ఉండమనరాదూ? ఆయన పుణ్యమా అని, చేపే లేని ఏడాది చేపలు తెగ పెరిగాయని రాసి నవ్వులపాలయ్యాను."

మొగుడికి అదో గొప్ప. "చూశావా, చచ్చినవాటిక్కూడా నేనంటే హడల్. నీకే బుద్ధి రాదు," అనేవాడు. ఆ బుద్ధి ఇంట్లో పడవ తాడుతో చెప్పేవాడు. పోయినేడు పక్కటెముక, ఈ ఏడు రెండు పళ్లు. మెట్ల మీంచి పడ్డానని ఆమె చెప్పేది. ఆ ఇంటికి మెట్లే లేవని అందరికీ తెలుసు. పాడు నోళ్లు, ఒక్కటీ పెగల్లేదు.

ఒక సోమవారం, పిలిస్తే వెంటనే పలకలేదని ఆమె ఎడమచెయ్యి తలుపు సందులో పెట్టి మూశాడు. రెండు వేళ్లు చితికిపోయాయి.

మర్నాడు కట్టుతోనే వచ్చి కూర్చుంది. మైక్రోస్కోపులో కన్ను పెట్టేసరికి ముళ్లన్నీ లేచి ఉన్నాయి. మొగుడొచ్చాడేమోనని వెనక్కి చూసింది. గదిలో ఎవరూ లేరు. మళ్లీ వంగి చూసింది. ముళ్లు తనవైపే తిరిగి ఉన్నాయి, ఎప్పటికంటే రెండింతలు పొడుగ్గా. బురద కోసే కత్తి తన ఒళ్లో ఉంది. ఎప్పుడు తీసిందో ఆమెకే తెలీదు. సిగ్గేసింది, ఆ వెంటనే చాలా హాయిగా అనిపించింది.

అప్పుడే అతను వచ్చాడు. "ఏమే, నా అన్నం డబ్బా ఏదీ? ఆ రెండో చెయ్యి కూడా చితకాలా?" అంటూ, తన గొప్ప చూసుకుందామని మైక్రోస్కోపు మీదికి వంగాడు. అతని మెడ కత్తికి జానెడు దూరంలో ఉంది.

చాలాసేపు చూశాడు. బల్ల అటువైపు వెళ్లి చూశాడు, ఇటువైపు వచ్చి చూశాడు. ఒక్క ముల్లూ అతనివైపు తిరగలేదు.

"ఏంటే, ఇవి నన్ను చూడవేం?"

"వాటికి ఎవరంటే భయమో వాళ్లవైపే చూస్తాయి," అందామె, కూర్చున్న చోటు నుంచి కదలకుండా.

అతను ఆమె ఒళ్లోకి చూశాడు. గోడకి వీపు రాసుకుంటూ తలుపు దాకా వెనక్కి నడిచాడు. అక్కణ్నుంచి పరుగే. పడవ కట్టేసినచోటే ఉండిపోయింది, మనిషి మళ్లీ ఆ ఛాయలకి రాలేదు.

ఆ రోజు ఆమె ఇంటికెళ్లి, ఎవరి కోసమూ ఎదురుచూడకుండా కడుపునిండా తిని, మంచానికి అడ్డంగా పడి నిద్రపోయింది.