ఖాళీ జాగ

అమీర్‌పేటలో గోడకు ఒక్క అంగుళం జాగ దొరికితే చాలు, సాయంత్రానికి దాని మీద ఏదో ఒక కోచింగ్ సెంటర్ కాగితం అంటుకుంటుంది. అలాంటి చోట నా బిడ్డ యశస్విని నా దుకాణం బోర్డును ముప్పాతిక భాగం ఖాళీగా వదిలేసింది. పైగా అదే చదువంది. ఆ చదువు నాకు ఇప్పటికీ ఎక్కలేదు, అబద్ధం ఎందుకు?

నా పేరు కనకయ్య. పంజగుట్ట వైపు పోయే సందులో బ్యాగుల జిప్పులు బాగుచేస్తాను. పాత బోర్డు మీద లేనిదంటూ లేదు. జిప్పులు, ట్రాలీ చక్రాలు, గొడుగులు, రెయిన్‌కోట్లు, ఎల్లమ్మ తల్లి బొమ్మ, మూడు ఫోన్ నంబర్లు. అందులో ఒక నంబరు పనిచేయదు. నిండుగా కనబడుతుందని ఉంచాను.

యశస్విని గ్రాఫిక్ డిజైన్ కోర్సులో చేరింది. ఒక చిన్న దుకాణానికి కొత్త రూపం ఇచ్చి రమ్మని వాళ్ల సారు పని పెట్టాడట, దానికి మార్కులు కూడా ఉన్నాయట. ఇన్ని దుకాణాలుండగా ఆమె కన్ను నా దాని మీదే పడింది.

"నాన్నా, మన బ్రాండింగ్ మొత్తం మార్వాలె."

"బ్రాండి ముచ్చట నాకెందుకే? నేను ముట్టనే ముట్ట."

ఆమె నెత్తి కొట్టుకుంది.

కొత్త బోర్డు వచ్చింది. అంతా తెలుపు. ఒక మూల నుంచి సగం దాకా నల్లటి జిప్పు గీత. కింద మూలకు చీమ తలకాయంత అక్షరాల్లో నా పేరు.

"మిగిలింది ఎప్పుడు రాస్తరు?" అని అడిగాను.

"గంతే నాన్నా. ఖాళీ ఉంటెనే మనిషి కన్ను ఆగుతది. ఖాళీ సుత డిజైనే."

పైసలు పెట్టి ఎవరైనా ఖాళీ కొంటారా? నాకు ఒళ్లు మండింది. కానీ ఆమె బోర్డును చూసి మురిసిపోతుంటే తిట్టు నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

మరునాటి నుంచి మనుషులు ఆగడం నిజంగానే మొదలైంది. కాకపోతే ఎవరి చేతిలోనూ బ్యాగు లేదు.

"అన్నా, మడిగ కిరాయికి ఎంత చెప్తున్నరు?" అన్నాడొకడు.

"కిరాయి సంగతి నీకెందుకు? జిప్పు చూపియ్యి," అన్నాను. వాడు నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూసి వెళ్లిపోయాడు.

ఇంకొకాయన లోపలికి తొంగి చూసి, జ్యూస్ సెంటర్‌కు సరిపోతుందని పక్కవాడితో చెప్పాడు. మెట్ల దగ్గర గోడ మీదున్న ఓనర్ నంబరు ఫోన్లో ఎక్కించుకున్నాడు. నేను మిషన్ ముందే కూర్చుని ఉన్నాను. కుడుతూనే ఉన్నాను. మనిషి కనబడకుండా పోతాడా? నాకేం అంతుపట్టలేదు. హాస్టల్ పిల్లలు కూడా బోర్డు వైపు చూసి ముందుకు సాగిపోతున్నారు.

అప్పుడే నా దుకాణం ఉన్న మడిగ ఓనర్ రాజనర్సయ్య శ్రీనగర్ కాలనీ నుంచి ఫోన్ చేశాడు.

"కనకయ్యా, పొద్దటి సంది ఒకటే ఫోన్లు. ఖాళీయేనా?"

నా మనసంతా బోర్డు మీదే ఉంది. బిడ్డను చిన్నబుచ్చగూడదని గట్టిగానే చెప్పాను.

"అవు సారూ, ఖాళీయే. కావాల్ననే ఖాళీ పెట్టినం. నా బిడ్డ జెప్పింది."

"మరి ముందుగాల నాకు జెప్పొద్దా?"

"చిన్న ముచ్చటకు మీకెందుకు తిప్పలని."

"గిది చిన్న ముచ్చటనా!" అని ఆయన ఫోన్ పెట్టేశాడు. బోర్డు గురించి ఓనర్‌కు ఇంత పట్టింపేమిటో నాకు అర్థం కాలేదు.

శనివారం మధ్యాహ్నం ఆయన ఒకాయనను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ వచ్చినాయన టేపు తీసి గోడ నుంచి గోడకు కొలుస్తూ, "కాళ్లు కాస్త పక్కకు పెట్టండి," అన్నాడు నాతో. సరిగ్గా అప్పుడే యశస్విని నాకు అన్నం డబ్బా తెచ్చింది.

"వంశీధర్ సార్! మీరేంది ఇక్కడ?"

ఆయన వాళ్ల కోర్సు సారు. "నీ బోర్డు చూద్దామని మొన్న వచ్చానమ్మా. చాలా బాగా చేశావు. నేను రోజూ ఇటే వెళ్తాను, ఇక్కడ ఇంత మంచి షాపుందని ఎప్పుడూ కనబడలేదు. గోడ మీది నంబరుకు ఫోన్ చేస్తే, ఖాళీ అవుతోందని రాజనర్సయ్య గారు చెప్పారు. మన రెండో బ్రాంచి ఇక్కడే పెడదామని."

"ఎవరు ఖాళీ జేస్తుండ్రు?" అని అరిచాను.

"నువ్వే గదయ్యా ఖాళీ అన్నవు!" అన్నాడు రాజనర్సయ్య.

"నేనన్నది బోర్డు సారూ!"

"బోర్డు ఖాళీ ఉంటె నాకేంది, నిండుగుంటె నాకేంది? నేను సారుకు మాటిచ్చిన."

నాకు భయమేసింది. ఈ మడిగ పోతే మిషన్ ఎక్కడ పెట్టాలి? బోరబండలో మా ఇల్లు ఒక్కటే గది. అక్కడిదాకా బ్యాగు పట్టుకుని ఎవరొస్తారు?

యశస్విని డబ్బా కింద పెట్టింది. సూట్‌కేసుల మీద పేర్లు రాసే లావు మార్కర్ తీసుకుని బయట స్టూలెక్కింది. ఏం చేయబోతున్నదో అప్పుడు తట్టింది నాకు.

"వద్దు బిడ్డా! సారు చూస్తుండు. నీ మార్కులు పోతయి."

"మడిగ పోయినంక మార్కులు ఏం జేసుకుంట నాన్నా?"

ఆ తెల్లటి జాగలో మూరెడేసి వంకర అక్షరాలతో 'ఖాళీ లేదు' అని రాసింది. వంశీధర్ టేపు చుట్టేశాడు. "సారీ అండీ, నాకు తెలియదు," అన్నాడు. మళ్లీ ఉండబట్టలేక పైకి చూసి, "బ్యాలెన్స్ పోయిందమ్మా," అని గొణిగాడు.

రోడ్డు అవతల నుంచి ఒక హాస్టల్ అమ్మాయి పరుగున వచ్చింది. "అంకుల్, ఉన్నారా? షాపు ఎత్తేశారనుకున్నాం," అంటూ తెగిన జిప్పున్న బ్యాగు నా ఒళ్లో పెట్టింది.

రాజనర్సయ్య బ్యాగును చూశాడు, బోర్డును చూశాడు. "సరే, ఉండు. ఇగ నుంచి ఫోన్ల జర నిమ్మలంగ మాట్లాడు," అని సారును తీసుకుని వెళ్లిపోయాడు.

"దిగు బిడ్డా, పడతవు," అని స్టూలు పట్టుకున్నాను.

ఆమె దిగలేదు. ముక్కు తుడుచుకుంటూ కింద 'జిప్పులు' అని కూడా రాసింది.