చంద్రమ్మ వదులు చేసిన ముడి

బల్కంపేట సందుల్లో పసిబిడ్డకు నీళ్లు పోయాలంటే చంద్రమ్మకే కబురు వెళ్తుంది. ముప్పై ఏళ్లుగా అదే తీరు. కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకుని, నూనె చేత్తో ముక్కును రెండు వేళ్ల మధ్య పట్టి రోజూ పైకి తీస్తుంది. చప్పిడి ముక్కును కోటేరు ముక్కు చేస్తుందని ఆమెకు పేరు. ఆ పేరు ఆమెకు కాస్త తలకెక్కిందనే చెప్పాలి.

అలాంటి చంద్రమ్మ సొంత మనవరాలు నెలలు నిండకుండా, రెండు నెలల ముందే పుట్టింది. బరువు పన్నెండు వందల గ్రాములు. బీపీ పెరిగి ఆపరేషన్ అయిన కోడలు నవీన ఇంకా మంచం దిగలేదు. అందుకని రెండో రోజు పొద్దున, పంజగుట్ట ఆసుపత్రిలోని పసిపిల్లల ఐసీయూలో, మోచేతుల దాకా చేతులు కడుక్కుని బిడ్డ పక్కన కూర్చునే వంతు నాయనమ్మకు వచ్చింది.

"ఊపిరితిత్తులు ఇంక పచ్చిగున్నయ్ అవ్వా," అంది నర్సు రవళి. "ఊపిరి ఇడిసినప్పుడల్లా ముడుసుకపోతయి. అట్ల కాకుంట గీ రెండు గొట్టాలు ముక్కులకెల్లి గాలిని ఒత్తి పంపుతయి. గా సీసల నీళ్లు బుడబుడమంటే ఒత్తిడి మంచిగున్నట్టు. గొంతుల పైపు ఎయ్యకుంట ఎల్లదీస్తున్నమంటే గిదే దిక్కు. నువ్వు దేన్నీ ముట్టకు, ఊకె చెయ్యి ఆనిచ్చి కూసో."

చంద్రమ్మ తలైతే ఊపింది కానీ ఆమె చూపు సీసా మీద నిలవలేదు. బిడ్డ తల మీది టోపీకి కట్టిన తాళ్లు గొట్టాలను ముక్కుకు అదిమి పట్టాయి. శనగగింజంత ముక్కు, ఎర్రగా కంది పైకి నొక్కుకుపోయింది. ఆడపిల్లాయె! పెద్ద చదువులు చదివినోళ్లకు ముక్కు సంగతి ఏం తెలుసని ఆమె ఒళ్లు మండింది.

పదకొండింటికి పక్క బిడ్డకు ఫిట్స్ వచ్చి రవళి అటు పరుగెత్తింది. చంద్రమ్మ టోపీ ముడి ఒకటి వదులు చేసింది. కొంచెమే. గొట్టాలు ముక్కు నుంచి ఇంత జారాయి. సీసాలో బుడగలు పలచబడి, ఒకటీ అరా వస్తున్నాయి. ఆమె అది చూసుకోలేదు. ముక్కుకు కాస్త ఊరట దొరికిందని మురిసిపోతూ కూర్చుంది.

అరగంటకు మానిటర్ కీచుమని మోగింది. బిడ్డ పెదవులు నీలం తిరిగాయి. రవళి వచ్చేలోపు చంద్రమ్మ ముడిని ఎప్పటిలా బిగించేసింది. చెయ్యి తిరిగిన మనిషి కదా, క్షణం పట్టలేదు.

రవళి ఆక్సిజన్ పెంచింది. ముప్పై శాతం చాలిన బిడ్డకు అరవై పెట్టినా చాలడం లేదు. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి, సన్నగా మూలుగు వినిపిస్తోంది. డాక్టర్ భానుశ్రీ వచ్చి గొట్టాలు చూసింది, టోపీ చూసింది, సీసా చూసింది.

"ఏంటిది రవళీ? అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా ఇలా అయిందంటే పాప అలసిపోయినట్టే. ఇంక ఆగొద్దు, గొంతులో పైపు వేసి వెంటిలేటర్ పెడదాం. పాప నాన్నగారిని పిలువు."

అమీర్‌పేటలో జిరాక్స్ షాపు నడిపే చంద్రమ్మ కొడుకు మహిపాల్ నిన్నటి చొక్కాతోనే లోపలికి వచ్చాడు.

"మెషిన్ పెడితే మంచిగైతదా మేడమ్?"

"బతికించుకోడానికే పెడతామండీ. కానీ ఇంత లేత ఊపిరితిత్తులకు దానివల్ల దెబ్బ తగలొచ్చు. అందుకే నిన్నటి నుంచీ తప్పించుకుంటూ వచ్చాం."

మహిపాల్ ఒప్పుదల కాగితం మీద సంతకానికి పెన్ను తీశాడు. చంద్రమ్మ ఆ పెన్ను వైపే చూసింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే కొడుకు మొహం ఎట్లా చూడాలి? బల్కంపేటలో ఇంకెవరు ఆమె చేతికి బిడ్డనిస్తారు? బిడ్డ మళ్లీ మూలిగింది.

"ఆగు బిడ్డా, రాయకు!" అని కొడుకు చెయ్యి పట్టుకుంది. "మేడమ్, ముడి నేనే వదులు చేసిన. ముక్కు చప్పిడైతదని. మోగంగనే మల్ల నేనే కట్టిన."

"అమ్మా!" అన్నాడు మహిపాల్.

"ఎంతసేపు వదులుగా ఉంది?" డాక్టర్ తిట్టలేదు, అదే అడిగింది.

"అరగంట."

"అయితే పాప అలసిపోలేదు. అరగంట ఒత్తిడి అందక ఊపిరితిత్తులు ముడుచుకుపోయాయి. రవళీ, ఒత్తిడి కొంచెం పెంచు. గడ్డం కింద చెయ్యి పెట్టి నోరు మూసి ఉంచు. పైపు సామాను పక్కనే పెట్టుకో. కాసేపు చూద్దాం, తేరుకోకపోతే వేసేద్దాం."

ఆ కాసేపూ చంద్రమ్మ పాపకు కావలసిన ఆక్సిజన్ అంకెనే చూస్తూ ఉంది. అరవై. అరవై ఐదు. మహిపాల్ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. మళ్లీ అరవై. యాభై. మూలుగు ఆగింది. నలభై దగ్గర డాక్టర్ మహిపాల్ చేతిలోని కాగితం తీసేసుకుంది.

"నవీనకు ఏం చెప్పాలె?" అన్నాడు మహిపాల్, తల్లి వైపు చూడకుండానే.

"నేనే చెప్త."

పై అంతస్తులో కోడలి మంచం పక్కన నిలబడి, ఏదీ దాచకుండా చెప్పింది. నవీన కళ్ల నీళ్లు దిండు మీదికి కారిపోయాయి.

"ఇప్పుడెట్లున్నది?"

"తేరుకున్నది. ముక్కు చప్పిడి అయితే రేపు పిల్లకు కష్టమని నా పాడుబుద్ధికి..."

నవీన అత్తగారి వైపు మొహం తిప్పింది.

"నాది సుత చప్పిడి ముక్కే గద అత్తమ్మా," అంది. "నేను బతుకుతలేనా?"