యాంటెన్నా పైపు

ద్వారకా తిరుమల నుంచి నారాయణరావు తెచ్చిన ప్రసాదం దేవుడి గూట్లోనే ఎండిపోయింది. కామేశ్వరి దాన్ని ముట్టుకోలేదు. కాలినడకన కొండకి వస్తామన్న మొక్కు ఇద్దరిదీ. ముసునూరు స్నేహితులు బయల్దేరుతున్నామని ఫోను చేయగానే, భార్యకి మాటమాత్రమైనా చెప్పకుండా తానొక్కడే నడిచి వెళ్లి వచ్చాడు. ఆనాటి నుంచి ఇంట్లో మాటల్లేవు.

"నాగేంద్రమ్మా, అయ్యగారికి అన్నం వడ్డించానని చెప్పు" అంది కామేశ్వరి, ఆయన ముందు కంచం పెడుతూనే.

పెరట్లో అంట్లు తోముతున్న నాగేంద్రమ్మ తల తిప్పి చూసింది. "నీ ఎదురుగానే ఉన్నారు కదమ్మా! అంట్లకి జీతమిచ్చి రాయబారాలు కూడా నాచేతే చేయిస్తే ఎలాగమ్మా?"

నారాయణరావుకు నవ్వొచ్చింది. ఆశగా తలెత్తి చూశాడు. కామేశ్వరి అప్పటికే వంటింట్లోకి వెళ్లిపోయింది.

అలకలు వాళ్లకి కొత్త కాదు. మామిడి కమీషన్ కొట్టు నడిపిన రోజుల్లో సీజనంతా ఆయనకి విసుగే, ఆమెకి అలకే. కానీ ఎంత అలకైనా టీవీలో సినిమా వచ్చే రోజు దాకానే. గాలికో, కోతి వేలాడ్డం వల్లో మేడ మీది యాంటెన్నా పక్కకి తిరిగిపోయేది. తెర నిండా చీమలు పాకేవి. ఆయన మేడెక్కి పైపు పట్టుకుని "వచ్చిందా?" అని అరిచేవాడు. ఇక ఆమె పలకక తప్పేది కాదు.

"లేదు! ఇంకాస్త విజయవాడ వైపు... అయ్యో, ఉన్నది కూడా పోయింది! ఆఁ, ఆఁ, అలా ఉంచండి. కదపకండి!"

ఆయన కిందికి దిగేసరికి మాటలు కలిసిపోయి ఉండేవి. తప్పు నాదని ఎవరూ ఒప్పుకోవలసిన పనే పడేది కాదు.

డిష్షు పెట్టించిన రోజున యాంటెన్నాని పాత ఇనుములో వేసి, పీడ వదిలిందనుకున్నారు ఇద్దరూ. పైపు ఒక్కటీ బట్టల తాడు కట్టుకోవడానికి ఉంచారు. నిజమే, ఎండలో మేడెక్కి గొంతు చించుకునే తిప్పలు ఎవరికి కావాలి? ఇప్పుడు ఆమె టీవీ ఆమెది, ఆయన ఫోను ఆయనది. ఒకరితో ఒకరికి పని లేదు. పూజ ముగించి లేచే ముందు ఈ అలక సంగతి స్వామికి చెప్పుకుందామా అనుకునేవాడు నారాయణరావు రోజూ. ఇంత చిన్న విషయం దేవుణ్ణి అడగొచ్చా? తోడు రావలసిన మనిషిని వదిలేసి వచ్చినవాడి మాట స్వామి మాత్రం వింటాడా?

మామిడి కోతల రోజుల్లో ఒక సాయంత్రం గాలివాన లేచింది. చెట్లనున్న కాయని నేలపాలు చేసే గాలి. సీరియల్ మధ్యలో ఆగి, సిగ్నల్ లేదన్న అక్షరాలు తెర మీద పడ్డాయి. కామేశ్వరి రిమోట్ పక్కన పెట్టింది. వాన తగ్గితే దానంతటదే వస్తుందని ఇద్దరికీ తెలుసు.

అయినా నారాయణరావు తలకి తువ్వాలు చుట్టుకుని మెట్లెక్కాడు. డిష్షు జోలికి పోలేదు. తుప్పు పట్టిన పైపుని రెండు చేతులా పట్టుకుని తిప్పాడు. అది కిర్రుమంది. దానికి కట్టిన తాడు మీద తీయడం మరిచిన చీర ఒకటి నీళ్లు కారుతోంది.

"వచ్చిందా?"

పైపుని ఇంకాస్త తిప్పి మళ్లీ అరిచాడు.

"కామేశ్వరీ, వచ్చిందా?"

వాన సన్నబడింది. ఉన్నట్టుండి కిటికీలోంచి సీరియల్ అత్తగారి గొంతు ఖంగుమంది. బొమ్మ దానంతటదే వచ్చేసింది. ఇక మేడ మీద తనకి పనేమీ లేదు. అయినా దిగలేదు. తడిసిన చేతులతో పైపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

కాసేపటికి అత్తగారి గొంతు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఆగిపోయింది.

"రాలేదు" అంది కామేశ్వరి, కిటికీ దగ్గర నుంచి. "ఇంకాస్త విజయవాడ వైపు తిప్పండి."

ఆయన తిప్పాడు.