తట్టాలని తట్టలేదు

పై వాటా ఆయన చూడ్డానికి సాధువులా ఉంటాడు గానీ పెళ్ళాన్ని గొడ్డును బాదినట్టు బాదుతాడని కింది వాటా ఆవిడ ఇస్త్రీ అతనితో అందట. ఇస్త్రీ అతను ఆ మాటను నలగకుండా మడతపెట్టి, బట్టలతో పాటు వీధిలో గుమ్మం గుమ్మానికీ అందించాడట. ఏ గుమ్మంలోంచి బయల్దేరిందో గానీ అది నడుచుకుంటూ క్షౌరశాలకు చేరింది. అక్కడ పక్క కుర్చీ మనిషి ఇంకొకరికి చెప్తుంటే, గడ్డానికి నురగ పూయించుకుని కళ్ళు మూసుకున్న పై వాటా ఆయన చెవిలోనే పడింది. నురగ కింద ఉన్న ముఖం ఎవరిదో వాళ్ళకేం తెలుసు? ఆయన రెండో చెంప గీయించుకోకుండానే లేచి ఇంటికొచ్చేశాడు.

ఆమె అప్పుడు డాబా మీద జూడో కోటు ఉతుకుతోంది. పొడిగా ఉన్నప్పుడే దుప్పటంత మందం ఆ కోటు. తడిస్తే దూడ బరువు తూగుతుంది. దాన్ని పిండాలంటే మణికట్లు చాలవు, నడుమూ తొడలూ కూడా రావాలి. క్లాసైన ప్రతిసారీ ఉతకాల్సిందే. ఒకరి చెమట ఒకరికి అంటి తామర పట్టుకుంటే క్లాసు క్లాసంతా గోక్కుంటూ కూర్చోవాలి. ఇంట్లో అందరి బట్టలూ ఆమే ఉతుకుతుంది గానీ, వాటిలో తన ఒంటి కోసం, తన చెమట కోసం ఇంత ఓపిగ్గా ఉతికేది ఈ ఒక్క కోటునే. రెండు చేతుల్లోంచీ కర్ర దూర్చి తీగకు వేలాడదీస్తే, తల లేని మనిషెవరో చేతులు చాచి గాలిలో నిలబడ్డట్టు ఉంటుంది. గాలి వీచినప్పుడు ఆ మనిషి కొంచెం నవ్వుతున్నట్టు కూడా ఉంటుంది.

"నిన్ను నేను కొడుతున్నానట," అన్నాడాయన మెట్ల మీదే నిలబడి. ఒక చెంప నున్నగా మెరుస్తోంది, ఇంకో చెంప మీద నురగ ఎండి అట్టకట్టింది.

"ఎవరన్నారండీ?"

"వీధి వీధంతా అంటోంది. నువ్వు చెప్పు, ఒక్కరోజన్నా నీ మీద చెయ్యెత్తానా?"

"లేదండీ."

అది నిజం. ఆయన చెయ్యెత్తే మనిషి కాదు. గ్లాసు ఎత్తి నీళ్ళు తాగడానికి కూడా చెయ్యి ఎత్తడని వాళ్ళమ్మే అంటుంది.

మచ్చలు మాత్రం నిజంగానే ఉన్నాయి. కోటు చేతులు పట్టి లాగుతారు కాబట్టి మోచేతుల పైన వేళ్ళ గుర్తులు, తుంటి మీద అరచెయ్యంత ఒకటి, పిక్కల మీద రెండో మూడో. మొదట నేరేడుపండు రంగులో ఉంటాయి, తర్వాత ఆకుపచ్చగా మారతాయి, పోబోయే ముందు లేత పసుపుకు తిరుగుతాయి. చెట్టు మీద కాయ పండేదానికి ఇది తిరగేసిన వరస. ముందు పండి, తర్వాత పచ్చిగా మారి, చివరికి పూతలోకి పోయి మాయమవుతాయి. స్నానం చేస్తూ ఆమె వాటిని వేలితో నొక్కి చూసుకుంటుంది. కొద్దిగా నొప్పి, ఆ నొప్పి చుట్టూ ఏదో తెలియని ఇష్టం. ఈ ఒళ్ళు ఎక్కడెక్కడ ఉందో ఇన్నాళ్ళకు ఎవరో సున్నం గీత గీసి చూపించినట్టు. కళ్ళజోళ్ళ షాపులో ఆమె పని ఫ్రేములు సరిచేసి కస్టమర్ల చెవులకు తగిలించడం. ఓనరు ఒకరోజు పిలిచి, "చేతులు కప్పుకుని రామ్మా. కొత్త కళ్ళజోడు పెట్టగానే వాళ్ళకు మొదట కనబడేది నీ చెయ్యే," అన్నాడు. బాగా కనబడటం కోసమే కదా వాళ్ళు డబ్బిచ్చేది అనుకుంది గానీ పైకి అనలేదు.

ఇదంతా పోయినేడు వానల్లో మొదలైంది. తడి బట్టల బకెట్టుతో ఇవే మెట్లు దిగుతూ జారి, ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టు విరిగింది. ఆసుపత్రి నుంచి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట, "కుడా ఎడమా?" ఎడమండీ అంది. "హమ్మయ్య," అన్నాడు. ఆ 'హమ్మయ్య' మీదే పిండికట్టు వేసేశారేమో అనిపించింది ఆమెకు. కట్టు విప్పాక చెయ్యి బయటికొచ్చింది గానీ ఆ మాట లోపలే ఉండిపోయింది, ఇప్పటికీ మబ్బు పట్టినప్పుడల్లా సలుపుతుంది. పిండికట్టుతోనే వంటా, పిండికట్టుతోనే గిన్నెలూ. "కుడి చెయ్యి బాగానే ఉందిగా" అనే మాట ఆ ఇంట్లో గోడగడియారంలా గంటగంటకూ మోగింది.

కట్టు విప్పాక మణికట్టుకు వ్యాయామం చేయించిన ఫిజియోథెరపీ అమ్మాయి, "చెయ్యి అడ్డం పెట్టారు కాబట్టే విరిగింది మేడమ్. ఒళ్ళంతా పంచుకోవాల్సిన బరువును ఒక్క మణికట్టు మీద వేసేశారు," అంది. ఆ మాట మణికట్టు గురించి అన్నట్టు అనిపించలేదామెకు. ఆ అమ్మాయే, "మా పై అంతస్తులో జూడో నేర్పుతారు. ఎవర్నీ కొట్టక్కర్లేదు, పడటం నేర్చుకోండి చాలు," అని మెట్లు చూపించింది.

పడటం నేర్చుకోవడానికి మెట్లెక్కి వెళ్ళాలన్న మాటకే నవ్వొచ్చి వెళ్ళింది.

పాత గిడ్డంగి లాంటి హాలు. ఎత్తైన కిటికీల్లోంచి పొద్దుటి వెలుతురు ఏటవాలుగా దిగి, ఆకుపచ్చ మ్యాట్ మీద చెరువు నీళ్ళలా పరుచుకునేది. ఆ వెలుతురులో ధూళి చేపపిల్లల్లా ఈదేది. నేర్పేది ఒక పెద్దావిడ, పొట్టిగా, రుబ్బురోలులా. అందరూ కోచమ్మ అంటారు. బళ్ళో పంతులమ్మలా ముందు గోళ్ళు చూపించమంటుంది, కాలివేళ్ళ సందులు చూస్తుంది. గాజులూ కమ్మలూ తీయాలి, వేళ్ళకు ఏమీ ఉండకూడదు, ఉంటే కోటులో చిక్కుకుని వేలు వేలే ఊడొస్తుంది. పెళ్ళి ఉంగరం సబ్బు రాస్తే గానీ రాలేదు. దాని కింద చర్మం పాలిపోయి, నేల కింద మొలిచిన మొలకలా ఉంది. పాపం దీనికి ఇన్నాళ్ళూ ఎండే తగల్లేదు అనుకుంది.

గడ్డం ఛాతీకి ఆనించాలి. కళ్ళు నడుముకు కట్టిన బెల్టు ముడిని చూడాలి. ఊపిరి వదిలేయాలి, వీపు నేలకు తగిలే వేళకు చేత్తో మ్యాట్‌ను చరచాలి. ఇంతే పడటం అంటే. కానీ నేల వదిలాక, మళ్ళీ నేల తగిలేలోపు, ఒక రెప్పపాటు ఉంటుంది. ఆ రెప్పపాటులో ఎవరి బరువూ ఆమె మీద ఉండదు, తన బరువు కూడా. పాలు పొంగాయేమో అన్న ఆలోచన ఉండదు. కిటికీ, దూలం, వెలుతురు అన్నీ చుట్టూ మెల్లగా తిరుగుతాయి. తర్వాత రోజంతా ఆమె ఆ రెప్పపాటులోనే ఉండేది. కళ్ళజోళ్ళు తుడుస్తూ, పిండి జల్లిస్తూ, జల్లెడలోంచి రాలే పిండి కూడా గడ్డం ఛాతీకి ఆనించుకునే పడుతోందా అని చూసేది.

అన్నీ ఇంత అందంగా ఏం లేవు. గట్టిగా పడ్డ మొదటి రోజునే లోపల తడిసింది. రెండో కాన్పు నుంచీ తుమ్మినా దగ్గినా అంతే. పిల్లల్ని కన్నందుకు ఒళ్ళు కట్టే సుంకం కాబోలు అనుకుని, నల్లబట్టలు కట్టుకుని నెట్టుకొస్తోంది. ఇక రానని మొహం దించుకుని చెప్తే, కోచమ్మ గొంతు తగ్గించకుండానే, "నీకొక్కదానికే అనుకున్నావా? ఇక్కడ పిల్లల్ని కన్నవాళ్ళలో సగం మంది ప్యాడ్ పెట్టుకునే దిగుతారు. పొట్ట కింద కండరాలకు వ్యాయామాలున్నాయి, కూర్చో, నేర్పుతాను. తగ్గకపోతే డాక్టరుకు చూపించుకో," అంది. అవతల నీళ్ళు తాగుతున్న బస్సు కండక్టరమ్మ, "మా బస్సే కారుతుంది చెల్లీ, మనమెంత," అంది. అంతా నవ్వారు. ఇన్నేళ్ళ సిగ్గు ఆ నవ్వులో కొట్టుకుపోయింది. పోయాక చూస్తే అది సిగ్గే కాదు, ఎవరూ చెప్పకపోవడం.

ఆ కండక్టరమ్మే ఆమెకు జోడీ. మీద పడి అదిమిపట్టి, "దిగేవాళ్ళు ముందుకు రావాలి," అని చెవిలో కేకేస్తుంది. ఒకరోజు ఆమె మోచేతిని మెలిపెట్టి పట్టింది. జూడోలో అలా పట్టు బిగిసినప్పుడు నోరు పెగలకపోవచ్చు, అందుకని చేత్తో రెండుసార్లు తట్టాలి. మ్యాట్ మీదైనా సరే, ఎదుటివాళ్ళ ఒంటి మీదైనా సరే. తట్టడమంటే 'చాలు' అని. ఆమె తట్టలేదు. మొహం మీద చిరునవ్వు పెట్టుకుని, ఇంకాస్త, ఇంకాస్త అని ఓర్చుకుంది. లోపల ఏదో టప్‌మంది. కండక్టరమ్మే భయపడి వదిలేసింది.

కోచమ్మ ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి మోచేతికి అదుముతూ, "ఎందుకు తట్టలేదు?" అంది.

"తట్టాలని తట్టలేదండీ."

హాలంతా ఫక్కున నవ్వింది. కోచమ్మ నవ్వలేదు. "ఓర్చుకోవడం నీకు ఎవరు నేర్పారో గానీ బాగా నేర్పారు. ఇక్కడ అది పనికిరాదు. కీలుకు ఓర్పు తెలీదమ్మా, ఊడటమే తెలుసు. నువ్వు తట్టు. తట్టగానే వదిలేస్తారు. ఎందుకని అడగరు, ఇంకాసేపు ఆగలేవా అనరు. అలా వదలనివాళ్ళను నేను ఈ మ్యాట్ ఎక్కనివ్వను."

చెయ్యి నయమయ్యేదాకా ఆమె గోడవార కూర్చుని ఆ చప్పుడు విన్నది. టప్, టప్. వెంటనే పట్టు విడిపోవడం, ఇద్దరూ కోట్లు సర్దుకోవడం, మళ్ళీ ఒకరికొకరు చేతులివ్వడం. వాన చినుకులు మొదలైనంత మెత్తని చప్పుడు. ఆ చప్పుడుకు ఇంత బరువున్న మనుషులు లేచి పక్కకు తప్పుకోవడం కలలా ఉండేది.

కలైతే కలలాగే ఉండాలి గానీ, అది వెంట ఇంటికొచ్చింది. ఆయన స్నేహితులు భోజనానికొచ్చిన రోజు, "మా ఆవిడ ఇప్పుడు పహిల్వాన్. ఎలక కనబడితే మాత్రం మంచమెక్కుతుంది," అని ఆయన నవ్విస్తున్నాడు. కూర వడ్డిస్తున్న ఆమె ఎడమ చెయ్యి దానంతటదే బల్ల మీద రెండుసార్లు తట్టింది. "వదినగారు దరువేస్తున్నారు," అన్నాడొకతను. ఆయన ఎలక కథ ఇంకాస్త పొడిగించాడు. ఆ తర్వాత ఆమె తన చేతిని గమనిస్తూ వచ్చింది. "షాపులో కూర్చునేదానికి అలసటేంటి" అన్నప్పుడు పొయ్యి గట్టు మీద తట్టేది. "నీకు తెలీదులే" అన్నప్పుడు తలుపు చెక్క మీద. పక్క మీద తట్టినప్పుడైతే చప్పుడే రాలేదు, పరుపు మెత్తనిది.

క్షౌరశాల నుంచి మధ్యలో లేచొచ్చిన ఆ మధ్యాహ్నమే, రెండో చెంపా ఇంట్లోనే నున్నగా గీసుకుని, ఆయన ఏర్పాటు చెప్పాడు. "సాయంత్రం కింది ఆవిడను టీకి పిలిచాను. బాత్రూంలో జారిపడ్డానని నీ నోటితో నువ్వే చెప్పు. రేపట్నుంచి ఆ కుస్తీలు మానెయ్."

రేపు పొద్దున్న క్లాసు ఉంది. మోచెయ్యి నయమై ఆమె మళ్ళీ మ్యాట్ ఎక్కి ఇంకా నెల కూడా కాలేదు.

"జూడో అని చెప్తానండీ. ఉన్నమాటేగా."

"నా పెళ్ళాం ఊళ్ళోవాళ్ళతో కిందపడి దొర్లుతోందని చెప్పుకోమంటావా? దానికన్నా కొడతాడంటేనే నయం," అన్నాడు. అనేశాక తన మాట తనకే వినబడ్డట్టుంది, కిటికీ వైపు తిరిగాడు.

వాళ్ళమ్మ చాటలో చిక్కుడుకాయలు వలుస్తోంది. తలెత్తకుండానే, "బాత్రూం అనిపించకురా. మీ నాన్నున్న రోజుల్లో నేనూ అదే చెప్పేదాన్ని. ఒక్కళ్ళూ నమ్మేవాళ్ళు కారు," అంది. ఇంకో కాయ అందుకుంది.

"అయితే మెట్ల మీద జారానని చెప్పు," అన్నాడాయన.

సాయంత్రం కింది వాటా ఆవిడ వచ్చింది. చెడ్డ మనిషేం కాదు, గుప్పిట్లో దెబ్బల మందు ట్యూబు దాచుకునే వచ్చింది. ఆమె టీ కప్పులు బల్ల మీద పెట్టి, ఎప్పట్లా వంటింటి గుమ్మంలో నిలబడకుండా, కుర్చీ లాక్కుని కూర్చుంది. తెరిచిన తలుపులోంచి డాబా మీద ఆరుతున్న కోటు కనబడుతోంది. సగం ఆరి తేలికై, సాయంత్రపు గాలిలో కొద్దిగా పైకి లేచి దిగుతోంది.

"ఏమీ అనుకోకమ్మా, ఆ మచ్చలు చూసి నా కడుపు తరుక్కుపోయింది. ఎవరితోనో అన్నట్టున్నాను కూడా," అంది కింది ఆవిడ. "ఎలా తగిలాయి?"

ఆయన ఆమె వైపు చూశాడు. మెట్లు, అంటున్నాయి కళ్ళు. ఆమె ఎడమ చెయ్యి బల్ల మీదికి వచ్చింది, తట్టబోయి ఆగింది. ఈ ఇంట్లో ఆ భాష ఎవరికీ రాదు. నోరు ఉండనే ఉంది.

"జూడో నేర్చుకుంటున్నాను పిన్నిగారూ. పడేటప్పుడు తగిలినవి. ఆయన ఎన్నడూ చెయ్యెత్తలేదు."

ఆయన గట్టిగా నవ్వాడు. "ఏదో సరదా పడిందిలెండి. రేపట్నుంచి మానేస్తోంది."

"మంచిపని," అంది కింది ఆవిడ, మందు ట్యూబు బల్ల మీద పెడుతూ. "ఇంట్లో మొగుడు పువ్వులా చూసుకుంటుంటే, ఎక్కడికో వెళ్ళి ఎవరి చేతుల్లోనో నలిగి రావడం దేనికమ్మా?"

"అక్కడ చాలంటే వదిలేస్తారు పిన్నిగారూ," అంది ఆమె.