నేర్పితేనే నొక్కుతాం

రేకులు ఒత్తే ప్రెస్ దిగింది. మేం పిచ్చుక అని పిలిచే అమ్మాయి కుడిచెయ్యి దాని కింద ఉండిపోయింది. కేక విని మేం పరుగెత్తుకొచ్చేసరికి సూపర్‌వైజర్ ఏం చేస్తున్నాడో తెలుసా? కుడి బటన్ మీద అతికించిన టేపు పీకుతున్నాడు. పీకి, జేబులో పెట్టుకుని, అప్పుడు అరిచాడు బండి తెమ్మని.

ఆ ప్రెస్‌కి రెండు బటన్లు. రెండు చేతులూ వాటి మీద ఉంటేనే అది దిగాలి, చేతులు కాపాడటానికే ఆ ఏర్పాటు. ఒకదాన్ని టేపుతో నొక్కిపెడితే ఒక చేత్తో రేకు పెడుతూ ఇంకో చేత్తో నొక్కొచ్చు. పని పరుగెడుతుంది. ఆ ఫ్యాక్టరీ మాకు నేర్పిన మొదటి విద్య అదే, చివరిదీ అదే.

మేం ట్రైనీలం. ఒక పూట పని, ఒక పూట చదువు అని చేర్చుకున్నారు. తరగతి గది ఉంది, లేకేం! నిండా అట్టపెట్టెలు. తనిఖీకి ఎవరైనా వస్తే పెట్టెలు బయటికి, మేం లోపలికి.

పిచ్చుకకి నాలుగు వేళ్ళు తీసేశారు. మేనేజర్ మమ్మల్ని పిలిచి చల్లగా చెప్పాడు: "పాపం. కానీ ఆ అమ్మాయి వర్కర్ కాదుగా. నేర్చుకునేటప్పుడు దెబ్బలు తగుల్తాయి. తగ్గాక ఇంటికెళ్ళమనండి."

పిచ్చుక అడిగింది ఒక్కటే. చెయ్యి పనిలో పోయిందని ఒప్పుకోవాలి, తనని పనిలో ఉంచాలి.

హాస్టల్ గదిలో మంచాల మీదా కిందా కిక్కిరిసి కూర్చున్నాం. పర్మనెంటు వాళ్ళ తరఫున ఫిట్టర్ బాబాయ్ వచ్చాడు.

"మీకోసం మేం పని ఆపితే మా కొంపలు మునుగుతాయమ్మా. మీరు యూనియన్‌లో లేరు."

"మీరు చేర్చుకుంటేగా!"

"ట్రైనీలని చేర్చుకోవడానికి రూల్ ఒప్పుకోదు."

"చెయ్యి తెగడానికి ఒప్పుకుందా?" అంది వెల్డింగ్ సెక్షన్‌లో ట్రైనీగా ఉన్న మా అక్క. అందరికీ ఆమె వెల్డింగ్ అక్కే. బాబాయ్ తల దించుకుని వెళ్ళిపోయాడు. అక్క మా వైపు తిరిగింది. "పని మానేశాం అంటే గెంటేస్తారు. మానొద్దు. నేర్పమందాం. మనం వచ్చింది అందుకేగా!"

మర్నాడు ప్రెస్‌షాపులో, అంటే ప్రెస్‌ల షెడ్డులో, అందరం మెషిన్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాం.

"ఏంటే, ఫొటో దిగుతున్నారా?" సూపర్‌వైజర్ ఊగిపోయాడు.

"పిచ్చుక వర్కర్ అనండి, పని చేస్తాం. కాదంటే మేమూ వర్కర్లం కాదు, నేర్చుకునేవాళ్ళమే. నేర్పండి సార్! నేర్పితేనే నొక్కుతాం!" అని అందరం అరిచాం.

మెషిన్లు ఆగి, ఆ షాపులో మా మాట మాకు వినపడటం అదే మొదలు. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది.

అంతలో పక్క గేటు తెరిచారు. పై నెల మా చోట్లోకి రావాల్సిన జూనియర్లు వరసగా వచ్చి మా స్టూళ్ళ మీద కూర్చున్నారు. మెషిన్లు లేచాయి.

వాళ్ళకి పని నేర్పిందెవరనుకున్నారు? మేమే. మాకెవరూ నేర్పలేదన్న కసితో, వాళ్ళకలా కాకూడదని, పక్కన నిలబడి, చెయ్యి పట్టుకుని, బుజ్జగించి మరీ నేర్పాం. ఇప్పుడు ఒక్క రేకు పాడవటం లేదు. ఎంత బాగా నేర్పామో, మా మొహం మండ!

"ఏమనుకోకక్కా. రాకపోతే ఇంటికే అన్నారు," అంది ఒక జూనియర్, నా వైపు చూడకుండా.

మేనేజర్ పిలిపించిన పోలీసులు మమ్మల్ని గేటు దాకా ఈడ్చారు. అప్పుడే పిచ్చుక కట్టుతో ఆటో దిగింది. మేనేజర్ ఆమెని షాపు గుమ్మంలో నిలబెట్టాడు. "తప్పు నీదే, నీ నిర్లక్ష్యమే అని లోపల పనిచేసే వీళ్ళకి చెప్పు. ఊడ్చే పనిలో పెట్టుకుంటా."

వాళ్ళింట్లో పొయ్యి వెలిగేది ఆమె వల్లే. చెప్పెయ్యవే తల్లీ, నేనేం అనుకోను అని లోపల్లోపల మొక్కుకున్నాను.

పిచ్చుక కట్టు చెయ్యి పైకెత్తింది. "ఇది పనిలో పోయింది. మీరు కూర్చున్న చోటే పోయింది!"

ఒక్క మెషిన్ కూడా ఆగలేదు.

ఆమెనీ పోలీసు వ్యాన్‌లో మా పక్కనే కుదేశారు. "ఓడిపోయాం," అంది వెల్డింగ్ అక్క.

"మెషిన్ నడపడం నేర్పాం. ఎప్పుడు ఆపాలో నేర్పలేదు," అంది పిచ్చుక. "తర్వాత బ్యాచ్ ఎప్పుడు?"

"వచ్చే వారం."

"లోపలికి పోకముందే పట్టుకోవాలి."

"వింటారంటావా?" అన్నాను.

పోలీసులు మమ్మల్ని వదిలారు, ఫ్యాక్టరీ ఉద్యోగాలు పీకింది. పిచ్చుకని మాత్రం స్టేషన్ నుంచి వదల్లేదు. గుమ్మంలో అల్లరి చేసి మిగతావాళ్ళని రెచ్చగొట్టిందట.

వారం తిరిగింది. కొత్తవాళ్ళు సంచులు మోసుకుంటూ ఫ్యాక్టరీ గేటు ముందు బస్సు దిగుతున్నారు. వింటారన్న నమ్మకం నాకు లేదు. ముందు నడుస్తున్న పిల్లకి ఎదురెళ్ళాను.

"ఆగు చెల్లీ. లోపలికి వెళ్ళేముందు ఒక్క మాట విను."