సులై కంచెకు కట్టిన సైకిల్

నా భార్య లస్మవ్వను జనార్దన్ చంపాడు. పోలీసులకు చెప్పుకునే చావు కాదు. అయినా చంపింది అతనే.

రియాద్‌లో సులై గోదాముల వెనక మా లేబర్ క్యాంపు. జనార్దన్ క్యాంపు బాస్. అతనిది, నాది ఒకే మండలం. కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి వర్క్‌షాపు బస్సు ఆపేసింది. మొదట ఒక బెంగాలీ పాత సైకిల్ తెచ్చాడు. చూస్తుండగానే క్యాంపంతా సైకిళ్లే. మీసాలు నెరిసినవాళ్లు కూడా హ్యాండిళ్లకు రంగు కుచ్చులు కట్టారు, చక్రాల పుల్లలకు పూసలు గుచ్చారు. శుక్రవారం గోదాముల చుట్టూ పందేలు. ఓడినవాడు గెలిచినవాడి బట్టలు ఉతకాలి. నాది ఆకుపచ్చ సైకిల్, ఇత్తడి గంట. ఆ మోత వినగానే వంటగదిలోవాళ్లు "బుచ్చన్నొచ్చిండు, అన్నం దాచుకోర్రి" అని నవ్వేవారు.

తరువాత కంపెనీల్లో ఇంతమంది సౌదీలుండాలనే నితాఖత్ చట్టం వచ్చింది. సరిపడా సౌదీలను పెట్టుకోని మా కంపెనీ ఎరుపు జాబితాలో పడింది. ఆ పైన బయటి దేశపు మనిషికింతని లెవీ పన్ను. అక్కడ ఉండనిచ్చే కార్డులు, ఇఖామాలు, రెన్యువల్ కాలేదు. ఒక్కొక్కరే ఎగ్జిట్ వీసా మీద ఇంటికి వెళ్లిపోయారు. వెళ్లేవాడు సైకిల్ అమ్మడు. కంచెకు గొలుసేసి తాళం చెవి తనతో ఇంటికి పట్టుకుపోతాడు. చెవి మన దగ్గరుంటే మళ్లీ వీసా వస్తుందని మావాళ్ల నమ్మకం. అలా కంచె పొడవునా మనుషుల్లేని సైకిళ్లు నిలబడ్డాయి. టైర్లు ఎండకు పగిలాయి. కుచ్చులు తెల్లబడ్డాయి. గాలి లేనప్పుడు కూడా పూసలు కదిలేవి. అటువైపు ఎవరూ చూసేవారు కాదు.

లస్మవ్వకు కిడ్నీలు చెడ్డాయి. ఎక్కువ కాలం లేదని డాక్టర్ చెప్పాడు. నా ఇఖామా అప్పటికే తీరిపోయింది, కంపెనీ ఎగ్జిట్ వేయడం లేదు. ఆమె బతికుండగా ఇల్లు చేరాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. మా పక్క ఊరి పీరయ్య వెళ్తుంటే, నా సైకిల్ కంచెకు కట్టి చెవి ఇంట్లో ఇమ్మని అతని చేతికిచ్చాను. లస్మవ్వకు ధైర్యంగా ఉంటుందని.

"చెవి మనిషితోని పోవాలె గని ముందుగల్ల పోవద్దన్నా," అన్నాడు పీరయ్య. "మనిషీడ, చెవి ఆడ. ఏమన్న బాగుంటదా?"

"తీస్కపో," అన్నాను.

చెవి అందాక ఫోన్‌లో లస్మవ్వ గొంతు మారింది.

"పొద్దుగూకంగ వస్తున్నవు, గంట కొడ్తున్నవు. గడప దాకొచ్చి లోపలికి రావేందయ్యా? కొత్త పెండ్లికొడుకువా?"

"నేనీడనే ఉన్న."

"మరి గోడకున్న పచ్చ సైకిల్ ఎవనిది?"

ఆమె చెల్లెలు గౌరవ్వ ఫోన్ తీసుకుంది. "నాకేం కనవడ్తలేదు బావా. గని అక్క లేచి కూసుంటున్నది. జావ తాగుతున్నది."

నేను కంచె దగ్గరికి వెళ్లాను. నా సైకిల్ టైర్లకు నల్లరేగడి అంటుకుని ఉంది. ఇంకా తడిగా ఉంది. సులైలో ఆ మట్టి లేదు.

మరునాడు మా ఊళ్లో పొద్దుగూకే వేళకు దాని ఎదురుగా కూర్చున్నాను. ఇక్కడ ఇంకా ఎండ. గొలుసు బిగుతుగానే ఉంది. సైకిల్ ఎక్కడికీ పోలేదు. గంట మాత్రం సన్నగా వణికింది, ఎవరో మోగించి వేలు తీసినట్టు. సీటు మీద చెయ్యి పెట్టాను. అంత ఎండలో అది చల్లగా ఉంది.

జనార్దన్‌కు అంతా చెప్పాను. నా ఎగ్జిట్ వచ్చేదాకా దాన్ని ముట్టవద్దన్నాను.

"రోజూ ఊరికి పోయొస్తున్నదా? మరి దానికి పాస్‌పోర్టు ఎవడిచ్చిండు బుచ్చన్నా?" అని నవ్వాడు. "ఎండ దెబ్బ తాకింది నీకు. మజ్జిగ తాగి పండుకో."

"ముట్టనని ఒట్టెయ్యి."

"సరే, ఒట్టు."

చివరికి ఎంబసీవాళ్లు పూనుకుంటే నాకు ఎగ్జిట్ పడింది. ఆ కాగితం తీసుకుని మధ్యాహ్నం దాటాక క్యాంపుకు వచ్చాను. కంచె ఖాళీగా ఉంది. అన్ని సైకిళ్లనూ తుక్కు లారీ ఎత్తుకుపోయింది. గొలుసు ముక్కలు ఇసుకలో పడి ఉన్నాయి. జనార్దన్ చాయ్ తాగుతున్నాడు.

"బలదియా మున్సిపాలిటోళ్లు జాగ ఖాళీ చెయ్యుమన్నరు," అన్నాడు. "ఒక్కటుంచినా నా నౌకరీ పోతది. అయినా నీకు ఎగ్జిట్ వచ్చె గదా, ఇంక సైకిలెందుకు?"

ఇంటికి ఫోన్ చేశాను. గౌరవ్వ ఎత్తింది.

"అక్క గడపల కూసున్నది బావా. ఇయ్యాల రాలేదన్నది. ఎదురువోత అని రోడ్డు మీదికి నడిచింది. పట్టుకున్న, ఆగలే. మోరీ కాడ పడ్డది. లేపేసరికి లేదు."

నేను చేరేసరికి కాష్టం చల్లారింది. మా ముంగిట్లో నల్లమట్టి మీద చక్రం జాడలు గోడ దాకా ఉన్నాయి. అన్నీ వచ్చిన జాడలే. తిరిగిపోయిన జాడ ఒక్కటీ లేదు.

కొన్నాళ్లకు జనార్దన్ కూడా ఎగ్జిట్ మీద వచ్చేశాడు. మా ఇంటికి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "అన్నా, ఒక్కమాట మాట్లాడు. తిట్టన్న తిట్టు," అన్నాడు. తలుపు వేసుకున్నాను. ఊళ్లోవాళ్లను పంపాడు. వాళ్లతోనూ మాట్లాడలేదు. ఇది రాయడం ఒక్కసారే. ఇక ఈ సంగతి అతనితో గానీ, గౌరవ్వతో గానీ, మరెవరితో గానీ ఎత్తను. అడగడానికి ఎవరూ రావద్దు.